తాళం వేసిందెవరు? బేస్‌బాల్ పిల్లల పుస్తకాలు చెప్పేవి, దాటేసేవి

ఏటా ఏప్రిల్ 15న అమెరికా మేజర్ లీగ్ బేస్‌బాల్ మ్యాచ్ టీవీలో పెడితే కాస్త గందరగోళంగా ఉంటుంది. రెండు జట్లలోనూ ప్రతి ఆటగాడి వీపు మీదా ఒకటే నంబరు, 42. కోచ్‌ల చొక్కాల మీదా అదే. 1947లో అదే తేదీన బ్రూక్లిన్ డాడ్జర్స్ తరఫున జాకీ రాబిన్సన్ మైదానంలోకి దిగాడు. అంతకుముందు 1884లో టొలీడో జట్టుకు ఆడిన మోజెస్ ఫ్లీట్‌వుడ్ వాకర్ తర్వాత, అరవై ఏళ్లకు పైగా ఏ మేజర్ లీగ్ జట్టూ నల్లజాతి ఆటగాణ్ణి దగ్గరికి రానివ్వలేదు. రాబిన్సన్ నంబరును 1997లో అన్ని జట్లూ శాశ్వతంగా పక్కన పెట్టేశాయి. ఏడాదిలో ఈ ఒక్కరోజు మాత్రం అందరూ వేసుకుంటారు.

ఏప్రిల్ వచ్చిందంటే లైబ్రరీల పిల్లల సెక్షన్‌లో రాబిన్సన్ బొమ్మల పుస్తకాలు ముందు వరుసలో కనబడటం మామూలే. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉండే తెలుగు ఇళ్లకూ అవి స్కూలు బ్యాగుల్లో వచ్చేస్తాయి. క్రికెట్ తప్ప మరో ఆట ఎరగని అమ్మానాన్నలు రాత్రి పక్కమీద కూర్చుని వాటిని చదివి వినిపించాలి. ఆట అర్థం కావడం పెద్ద కష్టమేం కాదు. బౌలర్ బదులు పిచర్ ఉంటాడు, వేసిన బంతి నేలకు తగలకుండా వస్తుంది, కొట్టినవాడు నాలుగు బేస్‌లూ చుట్టి మొదలెట్టిన చోటికి చేరితే ఒక పరుగు. ఇన్నింగ్స్ తొమ్మిది. అసలు టెన్షన్ మధ్యలో పిల్లలు అడిగే ప్రశ్నతో మొదలవుతుంది: "అంతకుముందు వాళ్లను ఎందుకు ఆడనివ్వలేదు? ఎవరు వద్దన్నారు?"

చాలా పుస్తకాల్లో దీనికి జవాబు దొరకదు. రంగురంగుల ముఖాలు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టి వైవిధ్యం ఉందని తేల్చేయడం తేలిక. తలుపు తెరుచుకున్న రోజు గురించి దాదాపు ప్రతి పుస్తకమూ చెబుతుంది. తాళం వేసిందెవరో, తాళంచెవి అన్నాళ్లూ ఎవరి జేబులో ఉందో చెప్పే పుస్తకాలు మాత్రం వెతుక్కోవాలి.

నిజానికి ఆ తాళం కంటికి కనబడేది కాదు. నల్లవాళ్లు ఆడకూడదని మేజర్ లీగ్ నిబంధనల్లో ఎక్కడా రాసి లేదు. అది జట్ల యజమానుల మధ్య నోటిమాట. అమెరికావాళ్లు దాన్ని పెద్దమనుషుల ఒప్పందం అంటారు. ఆ మాట వింటే మనకు 1956 గుర్తొస్తుంది కానీ, అక్కడ కనీసం కాగితం మీద సంతకాలున్నాయి. ఇక్కడ అదీ లేదు. 1920 నుంచి 1944లో చనిపోయేదాకా కమిషనర్ కుర్చీలో కూర్చున్న కెనెసా మౌంటెన్ లాండిస్ హయాంలో ఒక్క నల్లజాతి ఆటగాడూ లోపలికి రాలేదు. ఏటా ఇచ్చే అత్యుత్తమ ఆటగాడి అవార్డు ఫలకం మీద నుంచి ఆయన పేరును 2020లో గానీ తీసేయలేదు. పిల్లల పుస్తకాల్లో ఈ పెద్దమనుషులకు ముఖాలుండవు. "ఆ రోజుల్లో అలా ఉండేది" అన్న ఒక్క వాక్యంతో పని కానిచ్చేస్తారు.

భుజం మీద చెయ్యి

1990లో పీటర్ గోలెన్‌బాక్ రాసిన "టీమ్‌మేట్స్" ఇప్పటికీ అమెరికా స్కూళ్లలో బాగా చదివించే పుస్తకం. కథ చిన్నది. రాబిన్సన్‌తో ఆడబోమంటూ కొందరు డాడ్జర్స్ ఆటగాళ్లు ఒక అర్జీ తిప్పుతారు. కెంటకీ రాష్ట్రం నుంచి వచ్చిన తెల్లజాతి ఆటగాడు పీ వీ రీస్ దాని మీద సంతకం పెట్టడు. తర్వాత సిన్సినాటిలో ప్రేక్షకులు రాబిన్సన్‌ను నోటికొచ్చినట్టు తిడుతుంటే, రీస్ మైదానంలో నడుచుకుంటూ వెళ్లి ఆయన భుజం మీద చెయ్యి వేస్తాడు. స్టేడియం మూగబోతుంది.

బొమ్మగా చూస్తే కంట తడి పెట్టించే ఘట్టం. కానీ ఆనాటి పత్రికల్లో దాని ప్రస్తావన దొరకలేదు. అది సిన్సినాటిలోనా బోస్టన్‌లోనా, 1947లోనా 1948లోనా అన్న దగ్గరే పరిశోధకులకు మాట కుదరలేదు. రీస్ మంచివాడని, రాబిన్సన్‌కు చివరిదాకా మిత్రుడని ఎవరూ కాదనరు. ఆ క్షణం మాత్రం పుస్తకంలో ఉన్నట్టే జరిగిందని గట్టిగా చెప్పలేం. అయినా 2005లో బ్రూక్లిన్‌లోని కోనీ ఐలాండ్ స్టేడియం బయట ఆ భంగిమలోనే ఇద్దరికీ కంచు విగ్రహం లేచింది.

జరిగిందా లేదా అన్నదానికన్నా, ఆ ఘట్టం కథలో ఏం పని చేస్తుందన్నది పెద్ద ప్రశ్న. రాబిన్సన్ పుస్తకంలో క్లైమాక్స్ రీస్ చేతిలోకి వెళ్లిపోయింది. తిట్లు వానలా వచ్చి వెలిసిపోయాయి, అవి ఎవరి నోట్లోంచి వచ్చాయో ఎవరికీ పట్టలేదు. పుస్తకం మూసేసరికి పిల్లాడికి మిగిలేది ఒక మంచి తెల్లాయన. ఆ స్టేడియంలో మిగతా వేలమంది ఏమయ్యారు?

దీని పక్కన పెట్టి చూడాల్సిన ఆలింగనం ఇంకొకటుంది. రాబిన్సన్ వచ్చిన మూడు నెలల్లోపే, 1947 జులై 5న, ఆయన తర్వాత ఆ తలుపు దాటిన రెండో నల్లజాతి ఆటగాడిగా లారీ డోబీ క్లీవ్‌లాండ్ జట్టులో దిగాడు. ఏటా ఛాంపియన్‌ను తేల్చే వరల్డ్ సిరీస్‌లో, 1948 నాలుగో మ్యాచ్‌లో డోబీ కొట్టిన హోమ్ రన్‌తో క్లీవ్‌లాండ్ 2-1 తేడాతో గెలిచింది. మ్యాచ్ అయ్యాక డోబీ, ఆ రోజు గెలిపించిన తెల్లజాతి పిచర్ స్టీవ్ గ్రోమెక్ చెంపకు చెంప ఆనించి, నోళ్లు తెరిచి నవ్వుతూ వాటేసుకున్న ఫొటో పత్రికల్లో వచ్చింది. అందులో ఎవరూ ఎవర్నీ ఉద్ధరించడం లేదు. ఇద్దరూ గెలిచారు, అంతే. క్రిస్ క్రో 2012లో రాసిన "జస్ట్ యాజ్ గుడ్" ఆ మ్యాచ్ గురించే. ఫొటో లేని చెయ్యికి విగ్రహమూ, పుస్తకాల వరసా దక్కాయి. ఫొటో ఉన్న కౌగిలింతకు అల్మరాలో దక్కిన చోటు చాలా చిన్నది. రెండోవాడి గతి ఎప్పుడూ అంతేనేమో.

రాబిన్సన్ గురించే ఇంకో రకంగా చెప్పడం ఆయన కూతురు షారన్ రాబిన్సన్‌కు చేతనైంది. 2009లో వచ్చిన "టెస్టింగ్ ద ఐస్"లో మైదానం కొద్దిగానే కనబడుతుంది. కనెక్టికట్‌లో వాళ్ల ఇంటి పక్క చెరువు చలికాలంలో గడ్డకడుతుంది. పిల్లలు స్కేటింగ్ చేస్తామని గోల పెడతారు. ముందు ఐసు గట్టిగా ఉందో లేదో చూడాలి. ఈత రాని నాన్న, ఎండాకాలమంతా నీళ్ల దగ్గరికి రాని నాన్న, కర్రతో తట్టుకుంటూ ఒక్కో అడుగూ వేస్తూ చెరువు మధ్యకు వెళ్తాడు. గట్టున పిల్లలు ఊపిరి బిగబట్టి చూస్తుంటారు. 1947 ఎలాంటిదో చెప్పడానికి ఆ అమ్మాయికి స్టేడియం అవసరం లేకపోయింది. మంచు మీద భయపడుతూ నడిచే పెద్దమనిషి సరిపోయాడు. ధైర్యం అన్న మాటకు పిల్లలకు ఇంతకన్నా బాగా అర్థం చెప్పిన బేస్‌బాల్ పుస్తకం దొరకడం కష్టం.

"మేము" అనే గొంతు

షారన్ పుస్తకానికి బొమ్మలు వేసిన కాడిర్ నెల్సన్, అంతకు ఏడాది ముందు సొంతంగా రాసి, గీసిన పుస్తకం "వి ఆర్ ద షిప్". తెల్లవాళ్ల లీగ్‌లలోకి రానివ్వకపోతే నల్లవాళ్లు తమ లీగ్‌లు తామే పెట్టుకున్నారు. రూబ్ ఫాస్టర్ 1920లో కాన్సస్ సిటీలో నీగ్రో నేషనల్ లీగ్‌కు పునాది వేశాడు. మేమే ఓడ, తక్కినదంతా సముద్రం అన్న అర్థంలో ఆయన చెప్పిన మాట నుంచే పుస్తకానికి పేరు వచ్చింది. అధ్యాయాల బదులు ఇన్నింగ్స్ ఉంటాయి, తొమ్మిదీ అయ్యాక అదనపు ఇన్నింగ్స్ కూడా.

పుస్తకం మొత్తాన్ని నడిపేది "మేము" అని మాట్లాడే గొంతు. పేరు లేని ఒక ముసలి ఆటగాడు అరుగు మీద కూర్చుని చెబుతున్నట్టు ఉంటుంది. రోజుకు రెండు మూడు మ్యాచ్‌లు, బస్సులోనే నిద్ర, డబ్బులిచ్చి తింటామన్నా లోపలికి రానివ్వని హోటళ్లు, మధ్యలో కోతలు, వెటకారాలు. బాధ చెబుతూనే నవ్విస్తాడు, జాలి మాత్రం అడగడు. బొమ్మల్లో ఆటగాళ్లను కింది నుంచి పైకి చూసినట్టు గీశాడు నెల్సన్. వెనకాల ఆకాశం, ముందు కొండంత మనుషులు, కళ్లు నేరుగా మనవైపే. 1924లో జరిగిన మొదటి కలర్డ్ వరల్డ్ సిరీస్ బొమ్మ మడత విప్పితే పొడుగ్గా పరుచుకుంటుంది. రెండు జట్లూ వరసగా నిలబడి ఉంటాయి. పిల్లలు వేలితో ఒక్కొక్కరినీ చూపిస్తూ పేర్లడుగుతారు. ఆ పేర్లు తెలియకపోవడం ఎవరి తప్పన్న ప్రశ్న అక్కడే పుడుతుంది. ఈ పుస్తకానికి 2009లో, పిల్లల పుస్తకాలకిచ్చే కొరెట్టా స్కాట్ కింగ్ అవార్డు, సైబర్ట్ పతకం రెండూ వచ్చాయి.

ఇది దాటేయని విషయం ఇంకొకటుంది. రాబిన్సన్ రాక నీగ్రో లీగ్‌లకు చావుగంట కూడా. మంచి ఆటగాళ్లు ఒక్కొక్కరే మేజర్ లీగ్‌కు పోతుంటే ప్రేక్షకులూ వాళ్ల వెంటే పోయారు. నల్లవాళ్లు నడిపిన జట్లు మూతపడ్డాయి. బ్రూక్లిన్ డాడ్జర్స్ అధిపతి బ్రాంచ్ రికీ రాబిన్సన్‌ను తీసుకున్నందుకు, రాబిన్సన్ పాత జట్టు కాన్సస్ సిటీ మోనార్క్స్‌కు పైసా ఇవ్వలేదు. నెవార్క్ ఈగిల్స్ జట్టును భర్తతో కలిసి నడిపిన ఎఫా మ్యాన్లీ ఈ పద్ధతి మీద గట్టిగా నోరు చేసుకుంది. డోబీ కోసం క్లీవ్‌లాండ్ యజమాని బిల్ వీక్ వచ్చినప్పుడు బేరమాడి 15,000 డాలర్లు రాబట్టింది. 2006లో బేస్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి వెళ్లిన మొదటి మహిళ ఆవిడే. ఆవిడ మీద ఆడ్రీ వెర్నిక్ 2010లో "షీ లవ్డ్ బేస్‌బాల్" రాసింది. రికీ మంచివాడే కావచ్చు, లెక్కల్లో మాత్రం గట్టి మనిషి. బొమ్మల పుస్తకాల్లో ఆయన దాదాపు సాధువు.

ముళ్లకంచె లోపలి మైదానం

తాళం ఎవరు వేశారో దాచిపెట్టడానికి వీల్లేని కథ ఒకటుంది. ఆ తాళం వేసింది సాక్షాత్తూ ప్రభుత్వం. 1942 ఫిబ్రవరి 19న అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ సంతకం చేసిన ఉత్తర్వుతో, పశ్చిమ తీరంలోని దాదాపు 1,20,000 మంది జపాన్ మూలాలవాళ్లను, ఎక్కువగా ఎడారుల్లో పెట్టిన క్యాంపులకు తరలించారు. వాళ్లలో ఎక్కువమంది అక్కడే పుట్టిన అమెరికా పౌరులు. ప్రభుత్వం తప్పు ఒప్పుకుని, బతికున్న ఒక్కొక్కరికీ 20,000 డాలర్లు ఇస్తామనడానికి 1988 దాకా పట్టింది.

కెన్ మోచిజుకి "బేస్‌బాల్ సేవ్డ్ అస్" 1993లో వచ్చింది. రచయిత తల్లిదండ్రులు ఐడహోలోని మినిడోకా క్యాంపులో ఉన్నవాళ్లు. కథ చెప్పేది పొట్టిగా ఉండే ఒక కుర్రాడు. క్యాంపులో పెద్దవాళ్లకు పని లేదు, పిల్లలకు అదుపు లేదు. నాన్న ఒకరోజు పారతో ఎడారి నేల చదును చేయడం మొదలుపెడతాడు. ఆట సాగుతుంటే పైన కాపలా టవర్లో ఒక సైనికుడు నల్ల కళ్లద్దాలతో చూస్తుంటాడు. పిల్లాడికి వాడి కళ్లు కనబడవు. పిచర్ మీద కన్నా వాడి మీదే కోపం ఎక్కువ, ఆ కోపంతోనే బ్యాట్ తిప్పుతాడు. ఆట గొప్పదనం చాటే పుస్తకమని పేరు పడింది గానీ, జాగ్రత్తగా చదివితే ఆ పేరులోని "కాపాడింది" అన్న మాటలో చేదు తగులుతుంది. యుద్ధం అయ్యాక ఇంటికొచ్చిన ఆ కుర్రాడు స్కూల్లో ఒంటరిగా కూర్చుని తినాల్సి వస్తుంది. మైదానంలో దిగితే జాతి పేరుతో తిట్లు మళ్లీ మొదలు. కంచె పోయింది, అరుపులు పోలేదు.

ఇదే నేపథ్యంలో నిజమైన మనిషి కథ కెనిచి జెనిమురాది. హిరోషిమాలో పుట్టి కాలిఫోర్నియాలోని ఫ్రెస్నోలో స్థిరపడినవాడు, ఎత్తు అయిదడుగులు. 1927లో ఆనాటి మేజర్ లీగ్ పెద్ద స్టార్లు బేబ్ రూత్, లూ గెహ్రిగ్ ఫ్రెస్నో వచ్చి ఆడిన ప్రదర్శన మ్యాచ్‌లో వాళ్లతో కలిసి ఆడాడు. అరిజోనాలోని గీలా రివర్ క్యాంపులో వేశాక పొదలు నరికి, నీళ్లు మళ్లించి, నేల తడిపి మైదానం కట్టాడు. కూర్చునే గ్యాలరీకి కలప చాలకపోతే, తమను బంధించిన ముళ్లకంచె గుంజలే ఊడబీకి తెచ్చుకున్నారు. మరిస్సా మాస్ రాసిన "బార్బ్‌డ్ వైర్ బేస్‌బాల్" 2013లో ఈ కథ చెప్పింది. కంచె గుంజ గ్యాలరీ మెట్టుగా మారిన ఆ ఒక్క వివరం పది పేజీల ఉపదేశం కన్నా ఎక్కువ పని చేస్తుంది. కెనడాలోనూ ఇలాగే జరిగింది. వాంకూవర్ అసాహి జట్టు చెదిరిపోయిన కథను జె. టొర్రెస్, డేవిడ్ నమిసాటో 2021లో "స్టీలింగ్ హోమ్" పేరుతో కామిక్ నవలగా చేశారు.

జపాన్ మూలాల మీద వచ్చినవన్నీ కన్నీళ్ల కథలే అనుకోనక్కర్లేదు. ఏరన్ మెషాన్ "టేక్ మీ ఔట్ టు ద యాక్యూ"లో (యాక్యూ అంటే జపాన్ భాషలో బేస్‌బాల్) ఒక పిల్లాడికి ఇద్దరు తాతయ్యలు. అమెరికా తాతయ్యతో వెళ్తే అక్కడి తిండి, అక్కడి కేకలు. జపాన్ తాతయ్యతో వెళ్తే అదే ఆటకు వేరే తిండి, వేరే కేకలు. ఎడమ పేజీలో ఒకటి, కుడి పేజీలో ఇంకొకటి. ఎవరి చరిత్రా మొయ్యనక్కర్లేకుండా పిల్లాడు హాయిగా రెండు స్టేడియాల్లోనూ తిని, అరిచి, ఇంటికొచ్చి పడుకుంటాడు. ఇలాంటివి ఇంకా రావాలి. వేరే జాతి పిల్లాడు పుస్తకంలోకి రావాలంటే ముందు కష్టాలు పడాల్సిందే అన్నట్టుంది ఇప్పటి వరస.

పేరు మార్చి పిలవడం

పేర్ల దగ్గర ఈ పుస్తకాలు ఏం చేస్తాయో చూడటం ఆసక్తిగా ఉంటుంది. ప్యూర్టోరికోలో 1934లో పుట్టిన రొబెర్టో క్లెమెంటే పిట్స్‌బర్గ్ పైరేట్స్‌కు ఆడాడు. సరిగ్గా 3,000 హిట్లు కొట్టాడు. 1972 డిసెంబరు 31న నికరాగువా భూకంప బాధితులకు సామాను తీసుకెళ్తూ విమాన ప్రమాదంలో చనిపోయాడు. ఆయన బతికుండగా బేస్‌బాల్ కార్డుల మీద చాలా ఏళ్లు "బాబ్" క్లెమెంటే అని అచ్చేశారు. వద్దన్నా వినలేదు. విలేకరులు ఆయన ఇంగ్లీషు యాసను వెక్కిరిస్తున్నట్టు అక్షరాలు సాగదీసి రాసేవారు. అమెరికా స్కూళ్లలో తమ పేరును కోచ్ ఏ ముక్కగా నరుకుతాడో చూసుకునే తెలుగు పిల్లలకు ఈ బాధ విడమరిచి చెప్పక్కర్లేదు.

జోనా వింటర్ 2005లో రాసిన క్లెమెంటే పుస్తకం పత్రికల చిన్నచూపును ప్రస్తావిస్తుంది, అదీ పిల్లలకు తగినట్టు కొద్ది మాటల్లోనే. అయినా 2023 మొదట్లో ఫ్లోరిడాలోని డ్యూవల్ కౌంటీ స్కూళ్లలో ఇది సమీక్ష పేరిట పిల్లల చేతికి అందకుండా ఆగిపోయింది. నల్లజాతి ఆటగాడు హెన్రీ ఆరన్ మీద మాట్ టవారెస్ గీసిన పుస్తకానిదీ అదే కథ. రాష్ట్రం తెచ్చిన కొత్త చట్టాల భయంతో పుస్తకాలన్నీ మళ్లీ జల్లెడ పట్టారు. దేశమంతా గొడవయ్యాక క్లెమెంటే పుస్తకాన్ని ఫిబ్రవరిలో వెనక్కి ఇచ్చారు. వివక్ష జరిగిందని ఒక్క వాక్యం రాసినందుకే పుస్తకాన్ని పక్కన పెట్టే పరిస్థితి ఉంటే, "ఆ రోజుల్లో అలా ఉండేది" అన్న వాక్యం ఎందుకు అంత సుఖంగా అనిపిస్తుందో అర్థమవుతుంది.

ఆదివాసీ ఆటగాళ్ల సంగతి ఇంకా విచిత్రం. ఏ తెగవాడైనా సరే, అందరికీ తగిలించిన పేరు ఒకటే, "చీఫ్". ఒజిబ్వే తెగకు చెందిన చార్లెస్ బెండర్, కవియా తెగకు చెందిన జాన్ మేయర్స్ 1911 వరల్డ్ సిరీస్‌లో ఎదురెదురు జట్లకు ఆడారు. ఒకరు ఫిలడెల్ఫియా పిచర్, ఇంకొకరు న్యూయార్క్ జెయింట్స్ క్యాచర్. స్టేడియంలోకి రాగానే ఇద్దరికీ అవే కూతలు ఎదురయ్యేవి. బెండర్ ఆటోగ్రాఫ్‌లో ఏనాడూ ఆ పేరు పెట్టేవాడు కాదు, చార్లీ బెండర్ అనే సంతకం చేసేవాడు. చెరోకీ రచయిత్రి ట్రేసీ సోరెల్ 2023లో వీళ్లిద్దరి మీద "కంటెండర్స్" రాసింది. తెగల పేర్లు, ఆదివాసీ పిల్లల్ని భాష మాన్పించి "బాగుచేయడానికి" పెట్టిన కార్లైల్ లాంటి బోర్డింగ్ స్కూళ్లు, ఇప్పటికీ జట్లకు మిగిలిన పేర్లు, మస్కట్‌లు, అన్నీ ఆమె లెక్కలోకి వస్తాయి. క్లీవ్‌లాండ్ జట్టు "ఇండియన్స్" పేరు వదిలి "గార్డియన్స్" అయింది 2021 సీజన్ ముగిశాకే. బయటి రచయిత రాసి ఉంటే ఈ పుస్తకం రెండు జీవిత చరిత్రలుగా ఆగిపోయేదేమో.

విలియం హోయ్ కథలో పేరు ఇంకా ఇరుకున పెడుతుంది. 1862లో ఒహాయోలో పుట్టాడు, మూడేళ్ల వయసులో మెదడువాపు లాంటి జ్వరంతో వినికిడి పోయింది. 1888 నుంచి 1902 దాకా మేజర్ లీగ్‌లో ఆడాడు. 1889లో ఒకే మ్యాచ్‌లో దూరపు ఔట్‌ఫీల్డ్ నుంచి విసిరిన త్రోలతో ముగ్గుర్ని, పరుగు పూర్తయ్యే చోటైన హోమ్ ప్లేట్ దగ్గర ఔట్ చేయించాడు. మూగవాడన్న అర్థంలో ఆనాడు ఆయనకు తగిలించిన పేరు ఇప్పుడు నోట్లో పెట్టుకోలేం. ఆయన మాత్రం దాన్ని మామూలుగానే వాడుకున్నాడు. మన ఊళ్లలో పేరుకు ముందు చెవిటి, కుంటి, గుడ్డి అని తగిలించి పిలవడం, ఆ మనిషీ పలకడం తెలిసిందే కదా. పిలిపించుకున్నాడు కాబట్టి నచ్చిందని అనుకోగలమా?

నాన్సీ చర్నిన్ 2016లో రాసిన హోయ్ పుస్తకంలో బాగా పండిన చోటు ఇది: అంపైర్ నోటితో చెప్పేది హోయ్‌కి వినబడదు. వేసిన బంతి స్ట్రైకా (బ్యాటర్‌కు నష్టం), బాలా (పిచర్ తప్పు) తెలుసుకోవడానికి వెనక్కి తిరిగి చూసేలోపే పిచర్ ఇంకో బంతి వేసేస్తాడు, జనం నవ్వుతారు. చేతి సైగలతో చెప్పించుకోవాలన్న ఆలోచన అక్కడ పుడుతుంది. ఇవాళ అంపైర్లు చేసే సైగలకు హోయే మూలమని పుస్తకం చెబుతుంది. చరిత్రకారుల్లో దీనికి ఒప్పుకోనివాళ్లున్నారు. హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఆ ఘనత అంపైర్ బిల్ క్లెమ్ ఫలకం మీద ఉంది. హోయ్ ఆ హాల్లో లేనే లేడు. మూలపురుషుడు ఒక్కడే ఉండాలన్న తాపత్రయం పిల్లల పుస్తకాలకు ఎక్కువ. 99 ఏళ్ల హోయ్ 1961 వరల్డ్ సిరీస్ మూడో మ్యాచ్‌కు మొదటి బంతి విసిరి, అదే ఏడాది చనిపోయాడు. ఆ మనిషి గొప్పదనానికి సైగల పేటెంట్ అక్కర్లేదు.

ఆడపిల్లలు, ఒక పంజాబీ అమ్మాయి

1943 నుంచి 1954 దాకా నడిచిన ఆడవాళ్ల ప్రొఫెషనల్ లీగ్‌ను అమెరికా ఇప్పుడు ముచ్చటగా తలుచుకుంటుంది. అందులో ఒక్క నల్లజాతి ఆటగత్తెకూ చోటివ్వలేదు. సెలక్షన్‌కు వెళ్లిన మేమీ జాన్సన్‌ను గేటు దగ్గరే చూసి పంపేశారు. ఆమె ఇండియానాపోలిస్ క్లౌన్స్ జట్టులో మగవాళ్లతో కలిసి, మగవాళ్లకు బంతులు వేసింది. లియా హెండర్సన్ "మేమీ ఆన్ ద మౌండ్" ఆమె కథే. ఆడవాళ్లకు తలుపు తెరిచినవాళ్లే ఇంకో తలుపుకు తాళం వేశారు. రెండు విషయాలూ ఒకే పుస్తకంలో చెప్పొచ్చని ఇది చూపిస్తుంది.

భారతీయ పాఠకులు వెతుక్కుని చదవాల్సిన నవల ఉమా కృష్ణస్వామి 2017లో రాసిన "స్టెప్ అప్ టు ద ప్లేట్, మరియా సింగ్". 1945, కాలిఫోర్నియాలోని యూబా సిటీ. నాన్న పంజాబీ సిక్కు, అమ్మ మెక్సికన్. అప్పట్లో అలాంటి కుటుంబాలు ఆ చుట్టుపక్కల చాలా ఉండేవి. ఆసియా నుంచి వలస వచ్చినవాళ్లలో చాలామంది పౌరులు కాలేరు, పౌరసత్వానికి అర్హత లేనివాళ్లు అక్కడ భూమి కొనలేరు. భగత్ సింగ్ తింద్ కేసులో సుప్రీంకోర్టు భారతీయులకు పౌరసత్వం చెల్లదని 1923లోనే తేల్చింది. మరియాకు కావాల్సింది సాఫ్ట్‌బాల్ ఆడటం. ఆడపిల్లకు ఆటలేమిటని ఇంట్లో ఒక గొడవ. ఇంతలో నాన్న సాగుచేసే పొలం అమ్మకానికి వస్తుంది, ఆయన కొనడానికి వీల్లేదు. ఆటస్థలం ఎవరిది, పొలం ఎవరిది అన్న రెండు ప్రశ్నలూ ఒకటే అయిపోతాయి. ఇక్కడ తాళం చట్టం రూపంలో ఉంది. పదేళ్ల పిల్లకు కూడా అర్థమయ్యేలా చెప్పగలగడమే రచయిత్రి నేర్పు. భారతీయులకు పౌరసత్వానికి దారి ఇచ్చిన చట్టం మరుసటి ఏడాది, 1946లో వచ్చింది.

ఇలాంటి పుస్తకాలు వాటంతట అవి రాలేదు. 1965లో నాన్సీ లారిక్ అనే విద్యావేత్త అంతకుముందు మూడేళ్లలో వచ్చిన అయిదు వేలకు పైగా పిల్లల పుస్తకాలు లెక్కగడితే, నల్లజాతి మనిషి ఒక్కరైనా కనబడినవి 6.7 శాతం. 1985లో విస్కాన్సిన్ యూనివర్సిటీ వాళ్లు లెక్క మొదలుపెట్టినప్పుడు, ఆ ఏడాది వచ్చిన దాదాపు 2,500 పుస్తకాల్లో నల్లజాతివాళ్లు రాసినవో గీసినవో 18. ఈ ఖాళీని చూసే 1991లో లీ అండ్ లో ప్రచురణ సంస్థ మొదలైంది. "బేస్‌బాల్ సేవ్డ్ అస్" వాళ్ల తొలి పుస్తకాల్లో ఒకటి. మరియా సింగ్ కథా వాళ్ల దగ్గరి నుంచే వచ్చింది.

అల్మరా ఒకలా, మైదానం ఒకలా

2024 మే నెలాఖరులో నీగ్రో లీగ్‌ల గణాంకాలను మేజర్ లీగ్ తన రికార్డుల్లో కలిపేసుకుంది. కెరీర్ బ్యాటింగ్ యావరేజిలో అప్పటిదాకా మొదటి పేరు టై కాబ్, .367. అది జోష్ గిబ్సన్‌కు మారింది, .372. మన లెక్కలో చెప్పాలంటే వెయ్యి అవకాశాలకు 372 హిట్లు. గిబ్సన్ 1947 జనవరిలో, రాబిన్సన్ మైదానంలో దిగడానికి మూడు నెలల ముందు, 35 ఏళ్ల వయసులో చనిపోయాడు. స్కూలు లైబ్రరీల్లోని పాత రికార్డుల పుస్తకాలన్నీ ఒక్క రోజులో తప్పయిపోయాయి. వాటిని పారేయకుండా కొత్తవాటి పక్కనే ఉంచితే బాగుంటుంది. ఎవరు ఎవర్ని లెక్కలోకి తీసుకున్నారో పిల్లలకు అవే చెబుతాయి.

ఇంకో తేడా అంత తేలిగ్గా సర్దుకునేది కాదు. పుస్తకాల అల్మరాలో నల్లజాతి ఆటగాళ్లు నిండుగా ఉన్నారు, మైదానంలో తగ్గిపోతున్నారు. 1980ల మొదట్లో మేజర్ లీగ్‌లో వాళ్ల వాటా సుమారు 18 శాతం. ఇప్పుడు ఆరు శాతం దగ్గర ఉంది. 2022 వరల్డ్ సిరీస్‌లో రెండు జట్లలోనూ అమెరికాలో పుట్టిన నల్లజాతి ఆటగాడు ఒక్కడూ లేడు. 1950 తర్వాత అలా జరగడం అదే మొదటిసారి. ఊరూరా తిరిగి ఆడే ట్రావెల్ టీమ్‌ల ఫీజులు, కోచింగ్ ఖర్చులు మామూలు కుటుంబాలకు అందడం లేదు. ఈ కొత్త తాళం గురించి బొమ్మల పుస్తకం దాదాపు లేదు. రాబిన్సన్ పుస్తకం కొనగలిగినంత తేలిగ్గా ఆ ఫీజు కట్టలేరు.

ఆ చోట్లోకి వచ్చింది ఎక్కువగా లాటిన్ అమెరికా కుర్రాళ్లు. లీగ్‌లో నాలుగో వంతుకు పైగా అమెరికా బయట పుట్టినవాళ్లే, వాళ్లలో డొమినికన్ రిపబ్లిక్‌ది మొదటి స్థానం. టవారెస్ 2015లో తెచ్చిన "గ్రోయింగ్ అప్ పెడ్రో" అక్కడి మనోగుయాబోలో పెరిగిన పెడ్రో మార్టినెజ్, అన్న రమోన్ కథ. బస్సు టికెట్‌కు యాభై సెంట్లు లేక మామిడి చెట్టు కింద కూర్చున్న రోజుల్ని పెడ్రోనే ఒకసారి చెప్పుకున్నాడు. చివరికి అన్నదమ్ములిద్దరూ డాడ్జర్స్‌లో ఒకే జట్టుకు ఆడతారు. చక్కటి పుస్తకం. కానీ పెడ్రో లాంటివాడు వేలల్లో ఒకడు. మేజర్ లీగ్ జట్లు ముప్పైకీ ఆ దేశంలో అకాడమీలున్నాయి. పదహారేళ్లకే కుర్రాళ్లతో సంతకం చేయిస్తారు, దానికోసం అంతకు చాలా ముందే చదువు మానేసి శిక్షణలో పడేవాళ్లెందరో. వాళ్లలో ఎక్కువమందిని రెండు మూడేళ్లకు ఇంటికి పంపేస్తారు. బ్యాగు భుజాన వేసుకుని అకాడమీ గేటు బయట బస్సు కోసం నిలబడ్డ ఆ కుర్రాడి బొమ్మ పిల్లల పుస్తకాల్లో ఎక్కడో గానీ కనబడదు.